మైకులో లక్కీ డ్రా

"స్టేడియం మొత్తం నిన్ను అబద్ధాలకోరంటోందిరా," అని అక్క గుమ్మంలోనే అందుకుంది.

తమ్ముడు ఫుట్‌బాల్ స్టేడియంలో అనౌన్సరు. నిన్న ఆట ముగిసి జనం మెట్ల వైపు కదులుతుంటే, "ఇప్పుడే లక్కీ డ్రా. ఎవరి సీట్లో వాళ్లుంటేనే మోటారు సైకిలు," అని మైకులో చెప్పాడు. అందరూ నవ్వుకుంటూ వెనక్కొచ్చి కూర్చున్నారు. ఇరవై నిమిషాలు కబుర్లతో నెట్టుకొచ్చి, చివరికి డ్రా ఏమీ లేదు, మన్నించమన్నాడు. జనం తిట్టిపోశారు.

"నువ్వెప్పుడొచ్చావక్కా ఆటకి? సీట్లో కూర్చున్నావా?" అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

"కూర్చోవడమా! మెట్ల అడుగున ఇరుక్కుపోయాను. వెనకనుంచి ఒకటే తోపులాట. ఊపిరాడలేదు. నా పని అయిపోయిందనుకున్నా. అంతలో నీ మోటారు సైకిలు కోసం పైనున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు కాబట్టి..."

అక్క అక్కడే ఆగి తమ్ముడి మొహంలోకి చూసింది. అతని మొహంలో నవ్వు లేదు.

"కింద గేటుకి ఎవరో తాళం వేసేశారక్కా. పగలగొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ సంగతి మైకులో చెబితే అందరూ ఒక్కసారి ఎగబడేవాళ్లు."

"మరి ఇప్పుడైనా చెప్పరా. తిట్లు నీకెందుకు?"

"తాళం వేసిందెవరో తేల్చమని పొద్దున్నే మేనేజరుకి రాసిచ్చాను. తేల్చకపోతే ఆదివారం మైకులో నేనే చెబుతాను."

అక్క తన భుజం తట్టబోతే అతను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వక్కడున్నావని తెలిసుంటే, నాకు నోరు పెగిలేది కాదక్కా."