పక్క కుర్చీ

"అమ్మా, టైమైంది. రా."

ఉషశ్రీ ల్యాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. కిటికీ తలుపులు మూసింది. గవర్నర్‌పేటలో శనివారం మధ్యాహ్నమైనా కింద కొట్ల ముందు సరుకు దించే లారీల గోల ఆగదు. రామతులసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

ఈ వీడియో వైద్యం రామతులసి తలపెట్టిందే. విశాఖలో ఉండే డాక్టర్ డయానా గారి గురించి ఎవరినో అడిగి తెలుసుకుంది. ఫోన్ చేసి మాట్లాడిందీ తనే.

"ప్రమాదాల్లో బెదిరిపోయినవాళ్ళకి ఆవిడ మాటలతోనే నయం చేస్తారటమ్మా. కానీ ఆ కంప్యూటర్ ముందు నాకు నోరు పెగలదు. నువ్వు పక్కనుంటేనే కూర్చుంటాను" అంది కూతురితో.

ఉషశ్రీ కాదనలేకపోయింది. తండ్రి హనుమయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు. తల్లి ఏం అడిగినా చేయక తప్పదని ఆమెకు తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ముగ్గురూ ఉయ్యూరులో పెళ్ళి చూసుకుని కారులో తిరిగొస్తున్నారు. ఉషశ్రీ నడుపుతోంది. పక్కన తండ్రి. వెనక సీట్లో తల్లి. కాలవ గట్టు రోడ్డు మీద ముందు ఓ చెరకు ట్రాక్టరు వెళ్తోంది. దాన్ని దాటుతుంటే ట్రాక్టరు తమ మీదికి వచ్చేసిందనీ, అందుకే కారు కాలవలో పడిందనీ ఉషశ్రీ పోలీసులకు చెప్పింది. గట్టు మీద పోతున్నవాళ్ళు దూకి ఆడవాళ్ళిద్దర్నీ బయటికి లాగారు. హనుమయ్య వైపు తలుపు బురదలో కూరుకుపోయింది. ట్రాక్టరు ఎవరిదో ఆనవాలు దొరకలేదు.

స్క్రీన్ మీద డాక్టరుగారు కనబడ్డారు. కళ్ళజోడు, నెరుస్తున్న జుట్టు, నెమ్మదైన గొంతు.

"నమస్కారమండీ. ఈ వారం ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా?"

రామతులసి కూతురి వైపు చూసింది. ప్రతిసారీ అంతే. జవాబు చెప్పాల్సి వచ్చేసరికి ఆమెకు మాట రాదు.

"ఏం నిద్రండీ" అంది ఉషశ్రీ. "రాత్రిళ్ళు నేనెప్పుడు లేచి చూసినా అమ్మ మేలుకునే ఉంటోంది."

"ఆ రోడ్డు మీదికి వెళ్ళగలుగుతున్నారా?"

"లేదండీ, అటు వెళ్ళడమే మానేశాం. ఆఫీసుకి కూడా నేను చుట్టూ తిరిగి వెళ్ళే బస్సే ఎక్కుతున్నాను. డ్రైవింగ్ కూడా వదిలేశాను. అమ్మ భయపడుతుంది కదా."

డాక్టరుగారు తల ఊపారు.

"సరే. పాదాలు నేలకి ఆనించండి. కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకోండి. ఇద్దరూ చేయొచ్చు."

తల్లికి ధైర్యంగా ఉంటుందని ఉషశ్రీ కూడా చేసేది. అలా చేస్తూ చేస్తూ ఒకసారి వెక్కివెక్కి ఏడ్చేసింది. తల్లికి తోడు కూర్చుని తనే ఏడ్చినందుకు ఆ తర్వాత చాలా సిగ్గుపడింది.

"ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్పండి. ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటినుంచీ."

"నాకేదీ సరిగ్గా గుర్తు లేదమ్మా. నువ్వే చెప్పు" అంది రామతులసి.

ఇదీ ప్రతి వారం ఉన్నదే. ఉషశ్రీ చెప్పేది. పెళ్ళి భోజనం, ఎండ, కారు, కాలవ. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి గబగబా ముగించేసేది. డాక్టరుగారు వేరే ఏమీ అడిగేవారు కాదు. "దానికి ముందు కారులో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని మాత్రం అడిగేవారు. "లేదండీ" అనేది ఉషశ్రీ. తల్లికి తన చేత్తో తప్పుడు మందు పోస్తున్నట్టు ఉండేది. ఇలా అయితే ఆవిడకి ఎన్నటికి నయమవుతుంది?

ఈవేళ కూడా మొదలుపెట్టింది. పెళ్ళి భోజనం. ఎండ. కాలవ గట్టు.

"ముందు ట్రాక్టరు పోతోందండీ. చెరకు గడలు రోడ్డు మీదికి వేలాడుతున్నాయి. నాన్న..."

తల్లి వైపు చూడలేకపోయింది.

"నాన్న, 'తొందరేముందమ్మా, వెనకే పోదాం' అన్నారు. 'మీరు ఊరుకోండి నాన్నా' అన్నాను. ట్రాక్టరు మా మీదికి రాలేదండీ. దాని దారిన అది పోతోంది. నేనే దాటబోయాను. ఎదురుగా బైకు వచ్చింది. కంగారుపడి స్టీరింగ్ తిప్పేశాను. నాన్నతో నేనన్న ఆఖరి మాట అదే. ఊరుకోండి అని."

టేబుల్ మీద తల వాల్చి ఏడ్చింది. తల్లి లేచి వెళ్ళిపోతుందనుకుంది. ఇక జన్మలో తన మొహం చూడదనుకుంది.

రామతులసి వెళ్ళలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. కూతురి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పేశావుగా" అంది. "చాలమ్మా."

డాక్టరుగారు ఆ ఏడుపు నెమ్మదించేదాకా ఆగారు.

"ఇవాళ చాలా పెద్ద పని జరిగిందండీ. ఇక తోడు మనిషి అవసరం లేదు. వచ్చే వారం నుంచి పేషెంటు ఒక్కరే కూర్చుంటే సరిపోతుంది. ఇప్పుడు కూడా ఓ రెండు మాటలు విడిగా మాట్లాడతాను."

అమ్మ ఒక్కతే మాట్లాడగలదని డాక్టరుగారికి నమ్మకం కుదిరింది. అంతా విని కూడా అమ్మ తన చెయ్యి వదల్లేదు. ఉషశ్రీ కళ్ళు తుడుచుకుని కుర్చీలోంచి లేచింది.

రామతులసి ఆమె భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టి, "నువ్వుండమ్మా, డాక్టరుగారు వెళ్ళమంటున్నది నన్ను" అంది.