తెంపిన పడుగు

దవాఖానకు పోయే ముందు లీలమ్మ కొడుకు రాంచందర్‌కు ఒక్కటే మాట చెప్పింది.

"బిడ్డా, మగ్గం మీద పడుగు సగమే నేసిన. నేనొచ్చి ముగించినంక మగ్గం గుంట పూడ్సుకో. నడుమల తెంపకు. తెంపితే నిన్ను పెట్టి అతుకుత."

రాంచందర్‌కు హాలు పెద్దది కావాలి. మేస్త్రీ ఆగనన్నాడు. ఎర్ర నూలు పడుగును కత్తెరతో కత్తిరించి మగ్గం గుంటలోనే పడేశాడు, పైన ఇటుక ముక్కలు నింపించాడు. ఆ సంగతి తెలిసి లీలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు ముఖం చూడకుండానే పోయింది.

తల్లి దినాలు కాగానే అతడు గుంట మీద సిమెంటు గచ్చు వేయించాడు.

ఇవాళ పొద్దంతా గోడలకు ప్లాస్టరింగు, ఇంటినిండా దుమ్ము. చీకటి పడ్డాక పనివాళ్లు వెళ్లిపోయారు. రాంచందర్ ఒక్కడే కొత్త గచ్చు తడుపుతున్నాడు. అంతటా నీళ్లు నిలిచాయి. గుంట ఉన్న మేర మాత్రం పొడిగా ఉంది. ఇంకో బిందె పోశాడు. అదీ ఇంకిపోయింది.

వంగి చూసి లేవబోతే లుంగీ పట్టేసింది. గచ్చులోంచి లేచిన ఎర్రటి నూలు పోగొకటి లుంగీ అంచుకు ముడిపడి ఉంది. వేలు తడిపి పేనిన సన్నటి ముడి. ఆ చేయి ఎవరిదో అతడికి తెలుసు.

"అఖిలా, కత్తెర తే!"

"మళ్లేం తెంపుతవయ్యా?" వంటింట్లోంచి భార్య విసుక్కుంది.

రెండో ముడి పడింది. మూడోది పడింది. నాలుగో పోగు లుంగీని వదిలి అతడి కాలివేలు వెతుక్కుంది.

పడుగులో ఇంకా రెండు వేల పోగులున్నాయి.