ఏం ఇనవడ్డది?

బొగ్గుబాయిలో ఎదుటి మనిషి ముఖం మీద టోపీ లైటు వేయకూడదు. తల కాస్త పక్కకు తిప్పి మాట్లాడాలి. బాయి దిగిన మొదటి రోజే ఎవరైనా నేర్చుకునే మర్యాద ఇది. సర్దార్ సిద్దిరాములుకు మాత్రం ఆ మర్యాద ఏ కోశానా లేదు.

పోశానికి ఒళ్ళు మండేది. హుస్నాబాద్ పక్క పల్లెలో కరువు తరిమితే మంచిర్యాల దాటి వచ్చి, పర్మనెంటు కాని బదిలీ కూలీగా బొగ్గు నింపే గ్యాంగులో చేరాడు. పడక పడక ఈ సర్దార్ కిందే పడ్డాడు.

బొగ్గు పేల్చాక గ్యాంగు లోపలికి పోయే ముందు పైకప్పును కట్టెతో కొట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే కింద నిలబడ్డవాడి పని అయిపోయినట్టే. కొట్టి చూసి చెప్పాల్సింది సర్దారే. సిద్దిరాములు మాత్రం కట్టె పోశం చేతికిచ్చి, లైటు సూటిగా ముఖాన కొట్టి అడిగాడు.

“ఏం ఇనవడ్డది?”

“బాగనే ఉన్నది సర్దార్.”

“బాగున్నదా అని నేను అడగలే. ఏం ఇనవడ్డదో చెప్పు.”

మళ్ళీ కొట్టించాడు. తర్వాత పాతవాడైన ఎల్లేశంతో కొట్టించి అదే అడిగాడు. తర్వాత మిగిలినవాళ్ళను. రోజూ ఇదే తంతు. ఒక్కడికి అనుమానం ఉన్నా గ్యాంగు మొత్తాన్ని వెనక్కి జరిపి, కప్పుకు దుంగలు పోటు పెట్టించేవాడు. తన అభిప్రాయం మాత్రం పొరపాటున కూడా చెప్పడు. వెనకనుంచి ఎంత పిలిచినా తిరిగి చూడడు. ఎడమ చెంప నిండా పేలుడు మందు మచ్చలు, మనిషి నిండా పొగరు.

తనకు రాని పనికి మనకు పరీక్షలు పెడుతున్నాడని పోశం గొణిగితే ఎల్లేశం నవ్వాడు. ఈయన కింద పనిచేసిన ఏ ఒక్కడి ఇంట్లోనూ ఏడుపు వినబడలేదని, అది చాలదా అని అడిగాడు.

పోశానికి అది చాలదు. ఆ నెలలో అతను పర్మనెంటు కావాలి. క్వార్టరు వస్తే ఊళ్ళో ఉన్న భార్య బాలలక్ష్మిని తెచ్చుకోవాలి. అవునన్నా కాదన్నా అంతా అండర్ మేనేజర్ కరుణాకర్‌రావు చేతిలో ఉంది.

ఎనభై రెండో సంవత్సరం, ఆ నెలాఖరున కరుణాకర్‌రావు స్వయంగా బాయి దిగాడు. టన్నులు తక్కువ పడ్డాయని పైవాళ్ళు పెట్టిన చీవాట్లు ఇంకా ఆయన ముఖం మీదే ఉన్నాయి. చూస్తే, పేలిన బొగ్గు కుప్పగా పడి ఉంది, గ్యాంగు చేతులు కట్టుకుని ఇవతల నిలబడి ఉంది. కప్పు డొల్లగా ఉందని అప్పుడే ఎల్లేశం చెప్పాడు.

“ఇంకా ఎందుకు నింపుతలేరు?”

సిద్దిరాములు లైటు ఆయన ముఖాన పడింది.

“లైటు పక్కకు తిప్పు.”

“తిప్పను సార్. బాయిల హుకుం ఇచ్చేటోళ్ల ముఖం కనబడాలె.”

ఇంతలో కట్టె పోశం చేతికే వచ్చింది. ఈ నెల పర్మనెంటయ్యేవాళ్ళలో నువ్వూ ఉన్నావు, జర ఆలోచించి చెప్పమన్నాడు కరుణాకర్‌రావు, మెత్తగానే.

పోశం కట్టె ఎత్తి కొట్టాడు. ఖంగుమన్నదని చెప్పడానికి నోరు తెరిచాడు. లైటు ముఖం మీదే ఉంది. సర్దార్ కళ్ళు అతని నోటినే చూస్తున్నాయి. అబద్ధం నాలుక మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

“డొల్ల, సర్దార్. లోపల ఖాళీ ఉన్నది.”

సిద్దిరాములు కట్టె తీసుకుని కరుణాకర్‌రావు ముందుకు చాపాడు.

“ఇప్పుడు మీరు కొట్టుర్రి సార్. ఏం ఇనవడ్డదో మీ నోటితోని చెప్పుర్రి. గట్టిగున్నదంటే ముందట మీరు నిలబడుర్రి, మీ పక్కన నేను నిలబడ్త. మా పోరగాండ్లు ఎన్క వస్తరు.”

కరుణాకర్‌రావు కట్టె అందుకోలేదు. ఇద్దరినీ సస్పెండు చేయిస్తానన్నాడు. చేయించుకోమన్నాడు సిద్దిరాములు, దుంగలు పడేదాకా ఒక్క తట్ట కూడా లేవదన్నాడు. గ్యాంగును మలుపు దాకా వెనక్కి పంపి, తట్టలూ పారలూ ఏరడానికి తానొక్కడే ఉండిపోయాడు. కరుణాకర్‌రావు కూడా గొణుగుతూ మలుపు దగ్గరికి వచ్చాడు.

అప్పుడు మొదలైంది, పాత దుంగలు పెళపెళ విరుగుతున్న చప్పుడు. అందరూ గొంతు చించుకుని అరిచారు. కరుణాకర్‌రావు కూడా అరిచాడు. ఎల్లేశం ఒక్కడు అరవలేదు, సర్దార్ వైపు ఉరికాడు. సిద్దిరాములు మాత్రం వీపు ఇటు పెట్టి తీరిగ్గా తట్టలు పేర్చుకుంటున్నాడు.

చచ్చేటప్పుడు కూడా ఇంత పొగరా అని పోశానికి కడుపు మండిపోయింది. ఎల్లేశం కంటే ముందే చేరి, అంగీ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ముగ్గురూ మలుపులో పడ్డారో లేదో కప్పు కూలింది.

దుమ్ము సర్దుకునేసరికి కరుణాకర్‌రావు లేడు. పైకి ఫోను చేయడానికి పరుగెత్తాడు. మనుషులందరూ ప్రాణాలతో మిగిలారు. పోశం ముక్కుకూ నోటికీ తువ్వాల చుట్టుకుని సర్దార్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. ఇంతమంది అరుస్తుంటే తిరిగి చూడకపోవడానికి ఏం రోగం, ఈ పంతం ఎవరి మీద అని నోటికొచ్చినట్టు తిట్టాడు.

సిద్దిరాములు లైటు మెల్లగా వచ్చి అతని ముఖం మీద ఆగింది.

“జర తువ్వాల తీసి, నోరు కనబడేటట్టు తిట్టు తమ్మీ, బ్లాస్టింగుల నా రెండు చెవులు పోయి ఆరేండ్లాయె.”