చివరి గది జవాబు

ఆసుపత్రిలో మంచాల పక్కనున్న స్పీకర్లకు నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె పాటలు పంపుతుంది. ఊరికే పంపదు. "ఎవరైనా వింటున్నారా?" అని ప్రతి గదినీ అడుగుతూ, జవాబు రాని గదికి ఆపేస్తుంది. ఆ అమరిక చేసింది, ఈ రాత్రి డ్యూటీలో ఉన్న నెట్‌వర్క్ ఇంజినీరు, ఆమే. ఈ రాత్రి వార్డంతా ఖాళీ చేశారు. అయినా చివరి గది నుంచి జవాబు వస్తూనే ఉంది.

"గోడలకు చెవులుంటాయంటారు గానీ, పాటలు కూడా కావాలా? ఆపెయ్యమ్మా," అన్నాడు వార్డు ఇన్‌చార్జి, ఆమె ఫోన్‌ చేసి చెప్తే.

ఆమె వెళ్లి చూసింది. మంచం లేదు, స్పీకర్ లేదు. గోడలోంచి తెగిన వైరు వేలాడుతోంది. ఆమె భర్త పోయింది ఆ గదిలోనే. "పాట ఆగితే నేను నిద్రపోయాననుకో," అనేవాడు.

కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చి, పాట ఆపే మీట మీద వేలుంచింది. నొక్కలేకపోయింది. ఆ పాట ఆగితే అతను నిజంగా వెళ్లిపోయినట్టే.

"ఇక పడుకోండి," అంది మెల్లగా.

ఈసారి స్విచ్ అడగకముందే చివరి గది నుంచి తెరమీద జవాబొచ్చింది: "ఇక వినడం లేదు."