నీళ్ల మీద నెమలికన్నులు

అంత్యక్రియలైన మర్నాడు నాన్న నన్ను అమ్మ రంగుల గదిలోకి పిలిచాడు. బల్ల మీద ట్రే, అందులో గంజిలాంటి చిక్కటి నీళ్లు. నీళ్ల మీద నీలం రంగుతో వేసిన నెమలికన్నులు తేలుతున్నాయి.

"మీ అమ్మ ఆఖరుసారి వేసింది, నీ పుట్టినరోజు గుడ్డ కోసం. నువ్వొచ్చేదాకా నేను వేలు పెట్టలేదు."

ఏటా నా కానుకను అమ్మ తను ఇలా నీళ్ల మీద రంగు తేల్చి అద్దిన గుడ్డలోనే చుట్టి ఇచ్చేది. "కానుక నీది, గుడ్డ నాది. వచ్చే ఏడాదికి తిరిగి ఇచ్చెయ్యాలి," అనేది. పాత గుడ్డ పీలికలైపోయిందని ఈసారి కొత్తది చేస్తానంది.

తెల్లగుడ్డ చెరో రెండు కొసలూ పట్టుకున్నాం. ముందు నడుమభాగం నీళ్ల మీదికి దించకపోతే కింద గాలి బుడగ చేరుతుంది. నీళ్ల మీద రాతలంటూ అమ్మను ఆటపట్టించడమే తప్ప ఏనాడూ ఈ పని ముట్టని నాన్న, నేను చెప్పకముందే నడుమభాగం దించాడు.

గుడ్డ పైకెత్తాం. నెమలికన్నులన్నీ దాని మీదికి వచ్చేశాయి. కొన్ని వంకర తిరిగాయి, కొన్ని ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"చూశావా, అదీ మీ అమ్మ చెయ్యంటే!" అన్నాడు నాన్న.

నాకీ పని నేర్పింది అమ్మే. నీళ్ల మీద రంగు ఒక పూటకు మించి నిలవదు, అడుగుకు దిగిపోతుంది.

గుడ్డ కొసలు పట్టుకున్న నాన్న గోళ్ల సందుల్లో నీలం రంగు ఎండిపోయి ఉంది.

"అచ్చం అమ్మ చెయ్యే నాన్నా," అన్నాను. "వచ్చే ఏడాది తిరిగి ఇచ్చేస్తాలే."