వేలికి తెలియాలి

"ఇది బటనా, బొట్టుబిళ్లా?" విశ్వేశ్వరరావు వాచీని కౌంటర్ మీద వెనక్కి తోశాడు. "నొక్కానో లేదో నొక్కిన వేలికే తెలియడం లేదు. ఇంకోటి చూపించు."

ఓంకార్ రెండో పెట్టె తీశాడు. మాదాపూర్‌లో ఆ షాపుకు వచ్చేవాళ్లు స్మార్ట్ వాచీకి డయల్ చూస్తారు, బెల్టు రంగు చూస్తారు. బటన్‌కు వంకలు పెట్టే మనిషి రావడం ఇదే మొదలు.

"సార్, అసలు ఏం గావాల్నో జర చెప్పండి. గదే తీస్త."

"చెప్పాను కదయ్యా. మా ఆవిడ దారి మర్చిపోతోంది. కూరగాయలకని కేపీహెచ్‌బీలో బయలుదేరి, పోయినవారం మియాపూర్ మెట్రో స్టేషన్‌లో తేలింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఫోనేమో ఇంట్లో ఉంది. ఎవరో పుణ్యాత్ముడు అడ్రసు కనుక్కుని ఆటోలో తెచ్చి దింపాడు. వాచీ అయితే చేతికే ఉంటుంది. ఒక్క బటన్ నొక్కితే ఫోన్ రావాలి. అంతే."

పక్క కుర్చీలో కూర్చున్న అనసూయమ్మ తలూపింది. "మర్చిపోతున్నాను బాబూ," అంది.

"ఫికర్ చెయ్యకండమ్మా. ఇది చూడండి, బటనే లేదు. స్క్రీన్ మీద గిట్ల వేలు జరిపితే చాలు."

విశ్వేశ్వరరావు సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. వేలు తడుపుకుని అద్దం మీద జరిపాడు. ఏమీ కదలలేదు.

"దారి తెలియకపోతే అరచేతుల్లో చెమట కాలువలు కడుతుంది. అప్పుడు ఇది పనికొస్తుందా? తీసెయ్."

మూడోదానికి బటన్ పక్కకు పొడుచుకొచ్చి ఉంది. అది కట్టుకుని, చపాతీ పిండి పిసుకుతున్నట్టు మణికట్టు వంచాడు. చేతి వెనకభాగం తగిలి బటన్ నొక్కుకుంది. వాచీ కుయ్యిమంది.

"పిండి కలిపినప్పుడల్లా ఫోనొస్తే, నిజంగా తప్పిపోయిన రోజున ఎవరెత్తుతారు?"

ఓంకార్ నవ్వాడు. "సార్ ఏం పని చేసిన్రు?"

"బాలానగర్‌లో స్విచ్చుల ఫ్యాక్టరీ. సర్వీసంతా ఇన్‌స్పెక్షన్‌లోనే. నేను నొక్కి చూడందే ఒక్క స్విచ్చి గేటు దాటలేదు. మీదే ఊరు?"

"హఫీజ్‌పేట సార్."

నాలుగోదానికి రెండు బటన్లు. పైది గుండ్రం, అంచున గాట్లున్నాయి. కిందది పలక. విశ్వేశ్వరరావు కళ్లు మూసుకుని తడిమాడు. పైదాన్ని నొక్కాడు. టక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కుమంది.

"ఇదీ బటనంటే. బుర్ర మర్చిపోయినా వేలు మర్చిపోకూడదు. అనసూయా, కళ్లు మూసుకో. పైది ఏదో చెప్పు."

ఆమె తడిమి నొక్కింది.

"కిందది?"

ఆమె పైదే నొక్కింది.

"చూశావా, ఇదీ వరస," అన్నాడు ఓంకార్‌తో. "పోనీలే. పైదొక్కటి దొరికితే చాలు. ఇంతకీ మీదే ఊరన్నావ్?"

"హఫీజ్‌పేటే సార్. నన్ను గూడ ఇన్‌స్పెక్షన్ చేస్తున్నరా ఏంది?"

ఓంకార్ సొరుగులోంచి పొట్టి బెల్టు తీశాడు. "అమ్మ చెయ్యి సన్నగున్నది. ఇది ఏస్త."

"వద్దు బాబూ, ఉన్నదే ఉంచు," అంది అనసూయమ్మ. భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ముందు కొన్నాళ్లు మీరు పెట్టుకు చూడండి. గట్టిదో కాదో మీరు తేల్చాకే నేను కట్టుకుంటాను."

"అదీ నిజమే. నీకేం తెలుస్తుంది?" ఆయన చెయ్యి చాపాడు.

బెల్టు ఆమే బిగించింది. లాగి చూసింది. ఇంకో రంధ్రం బిగించింది.

"ఉరి వేస్తున్నావా ఏమే?"

"జారిపోకుండానండీ."

ఓంకార్ పరీక్షకని వాచీలో షాపు సిమ్ వేసి, ఫోన్ ఎవరికి వెళ్లాలని అడిగాడు.

"నా నంబరు పెట్టు. ఆయన పరీక్షిస్తే వినేదాన్ని నేనే కదా," అంటూ అనసూయమ్మ నంబరు చెప్పింది.

"షాపులో మోగితే ఏం లాభం? రోడ్డు మీద హోరులో మోగాలి." విశ్వేశ్వరరావు లేచాడు. "నేను బయటికెళ్లి నొక్కుతాను. నువ్విక్కడే కూర్చో. కదిలావంటే మళ్లీ వెతుక్కోవాలి."

అద్దాల తలుపు తోసుకుని మెట్లు దిగాడు.

అనసూయమ్మ కూర్చోలేదు. ఫోన్ పట్టుకుని తలుపు దాకా వెళ్లి, అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఆఫీసులు వదిలే వేళ. క్యాబులు, బస్సులు ఒకదాన్నొకటి ఆనుకుని కదులుతున్నాయి. విశ్వేశ్వరరావు ఫుట్‌పాత్ మీద ఆగాడు. ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. తలెత్తి మెట్రో పిల్లర్ మీది నంబరు చదివాడు. షాపు వైపు తిరిగి బోర్డు చూశాడు, అద్దం చూశాడు, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

"సార్ నొక్కుతలేరేంది?" ఓంకార్ కౌంటర్ వెనక నుంచి అడిగాడు.

"నొక్కుతారు," అంది ఆమె. ఒక చెయ్యి తలుపు పిడి మీద ఉంది.

విశ్వేశ్వరరావు జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు. తర్వాత ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలు బటన్‌ను వెతుక్కుంది.

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

"పని చేసిందమ్మా!" అన్నాడు ఓంకార్. "సార్ సెలక్షన్ అంటే సెలక్షనే!"

ఆమె ఫోనెత్తి, తలుపు తోసింది. హారన్ల మధ్య నుంచి ఆయన గొంతు ఓంకార్ దాకా వినబడింది.

"అనసూయా, మళ్లీ తప్పిపోయావా? ఏడవకు. ఉన్నచోటే ఉండు, వచ్చేస్తాను... ముందు నేనెక్కడున్నానో ఎవరినైనా అడగనీ."