లెక్క ప్రకారం వేరే మనిషి

మనిషి ఎంత మారాడో లెక్కగట్టే యంత్రం ఆ రోజుల్లో ప్రతి జైల్లోనూ ఉండేది. బాగా మారినవాణ్ణి, నేరం చేసిన మనిషి ఇక లేడని వదిలేసేవారు.

అలా విడుదలైన కొండలరావు నేరుగా వరహాలమ్మ ఇంటికి వచ్చాడు. తాగి లారీ నడిపి ఆమె కొడుకును చంపింది అతనే. ఆమె అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"క్షమించమని అడగడానికొచ్చానమ్మా."

"నువ్వు వాడివి కాదన్నారు కదా! ఎవరి తరఫున అడుగుతున్నావు?"

"లెక్క అలాగే చెప్పిందమ్మా. కానీ చంపింది నేనే."

తిట్టడానికైనా మనిషిని మిగల్చలేదని విడుదల కబురు విన్నప్పటినుంచీ కుమిలిపోతున్న వరహాలమ్మ, అతన్ని నోరారా తిట్టింది. అతను కదలకుండా విన్నాడు. గొంతు ఎండిపోయాక ఆమె లోపలికెళ్లి నీళ్లు తాగి, అతనికీ ఒక గ్లాసు తెచ్చింది.

"నిన్ను క్షమించలేదు. రేపు మళ్లీ రా," అంది.